ఏప్రిల్ రాగానే పూలు మాయమయ్యే కాలనీ పార్కు: ఒక కేస్ స్టడీ

ప్రతి ఏడాదీ ఫిబ్రవరి చివర్లో ఏదో ఒక కాలనీ నుంచి ఫోన్ వస్తుంది, "ఎండలు మొదలవుతున్నాయి, ఇక పూలెక్కడుంటాయి లెండి, కనీసం పచ్చగా ఉంటే చాలు" అని. ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. మన దగ్గర ఎండాకాలమంటేనే పూలకాలం. మోదుగ పూసేది ఎండ ముదిరేటప్పుడే, ఉగాదికి వేపపూత, ఆ వెంటనే రేల, తురాయి, సాయంత్రమైతే మల్లె. ఊరంతా పూస్తుంటే ఒక్క పార్కులోనే పూలు లేవంటే ఆ తప్పు ఎండది అనుకోవడానికి లేదు. ఒక పార్కులో ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళ పని ఇక్కడ రాస్తున్నాను. పార్కు హైదరాబాద్‌లోదే, ఏ కాలనీ అన్నది మాత్రం చెప్పను, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

స్థలం సుమారు 1,500 గజాలు. అందులో 600 గజాలు లాన్, చుట్టూ వాకింగ్ ట్రాక్, ఒక మూల పిల్లల ఊయలలు, మధ్యలో నాలుగు పెద్ద వేపచెట్లు. ప్రహరీ వెంట కాగితం పూల పొదలు, గేటు నుంచి లోపలికి వచ్చే దారికి రెండు పక్కలా గుండుమల్లె, అక్కడక్కడా మందారం, నందివర్ధనం, నూరువరహాలు. నేల ఎర్ర చెలక, ఒక అడుగు లోపలికి వెళ్తే ఇళ్ళు కట్టినప్పుడు పోసిన ఇటుక ముక్కలూ కంకరా. నీళ్ళకు ఒకే ఒక బోరు, అదీ గట్టి నీళ్ళు, కుళాయి మూతికి తెల్లగా పొర కట్టేంత. తోట చూసుకునేది ఒక్క ఆవిడ, పాలమూరు వైపు మనిషి, యాభై దాటి ఉంటుంది.

కాలనీ వాళ్ళు నన్ను పిలిచింది ఏప్రిల్ రెండో వారంలో. "డిసెంబర్‌లో వచ్చి చూడాలండీ మీరు, పెటూనియాలతో ఎంత బాగుంటుందో. ఇప్పుడు చూడండి" అని సెక్రటరీగారు మడుల వైపు చెయ్యి చూపించారు. మడుల్లో ఎండిపోయిన కాడలు తప్ప ఏమీ లేవు. ఇది మూడో ఏడాదట. పోయిన ప్రతిసారీ నర్సరీ నుంచి మళ్ళీ అవే పెటూనియాలు, డయాంథస్‌లు తెచ్చి పెట్టారు, అవి పది రోజులుండి పోయాయి. గ్రీన్ నెట్ కట్టారు. పూట పూటా నీళ్ళు పెట్టారు. యూరియా వేశారు. ఇవేవీ పనిచేయలేదు కాబట్టి ఎండాకాలం అంతేనన్న నిర్ణయానికి వచ్చేశారు, అయినా చివరి ప్రయత్నంగా ఒకసారి చూపిద్దామని నన్ను పిలిచారు.

పెటూనియా సంగతి తేలికే. అది చలికాలం మొక్క. సెప్టెంబర్, అక్టోబర్‌లలో విత్తుకుంటే చలిలో పూసి మార్చితో దాని ఆయుష్షు తీరిపోతుంది. నెట్ కట్టినా, నీళ్ళు పోసినా వయసైపోయిన మొక్కను కొత్తగా పూయించలేం. ఇది చెప్పగానే అందరికీ అర్థమైంది. నాకు అర్థం కానిది మిగతాది. మల్లె, మందారం, నందివర్ధనం, కాగితం పూలు ఇవన్నీ ఎండలో పూసేవే కదా, మరి అవి ఎందుకు పూయడం లేదు? కాగితం పూల పొదలు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి, ఒక్క రంగు రెమ్మ లేదు. మల్లె పొదలు బల్లలా సమంగా కత్తిరించి ఉన్నాయి, ఒక్క మొగ్గ లేదు. నూరువరహాలు లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా. వీటన్నిటికీ ఒకే జబ్బు ఉండదు. అక్కడే నేను కొంచెం ఆగి ఉండాల్సింది.

మొదటి ఏడాది: చేసినవి, చెడినవి

ముందు నీళ్ళు చూశాను. ఆవిడ పొద్దున్న 9 గంటలకు డ్యూటీకి వస్తుంది, ఊడ్చేసరికి పదిన్నర, అప్పుడు పైపు పట్టుకుంటుంది. పదకొండు గంటల ఎండలో ఒక మడి తడపగానే అక్కడే గునపంతో చిన్న గుంట తీశాను. పైన రెండు వేళ్ళ మందం తడిసింది, కింద మట్టి పిడికిట్లోకి తీసుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. రోజూ ఇలా పైపైన తడుస్తుంటే వేళ్ళు కిందికి వెళ్ళవు, పైనే పరుచుకుంటాయి, ఆ పై పొరే సాయంత్రానికి పొయ్యి మీద పెనంలా కాలుతుంది. "రోజూ రెండు పూటలా నీళ్ళు పెడుతున్నాం" అన్న మాట నిజమే, మొక్క దాహంతో చస్తోందన్నదీ నిజమే.

తర్వాత లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళంటే ఒక లీటరు. 600 గజాల లాన్ దాదాపు 500 చదరపు మీటర్లు, రోజుకు 6 మిల్లీమీటర్లు ఇవ్వాలన్నా 3,000 లీటర్లు కావాలి. ఆ బోరు ఏప్రిల్‌లో రోజుకు 4,000 లీటర్లకు మించి ఇవ్వడం లేదు. అంటే నీళ్ళన్నీ లాన్ తాగేసి మిగిలిన కాసిని పూలమొక్కలకు పోతున్నాయి. లాన్‌ను సగానికి తగ్గిద్దామన్నాను. సాయంత్రం పూట పెద్దవాళ్ళు కూర్చునేది ఆ గడ్డి మీదే అని వాళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది కాబట్టి నేను గట్టిగా అడగలేదు.

ఇక మొక్కలు. జీనియా, కాస్మోస్, గైలార్డియా, వాడిపోని గోంఫ్రీనా, టేబుల్ రోజ్ ఎంచుకున్నాను. అన్నీ ఎండ కోరే మొక్కలే. ఎంపికలో తప్పు లేదు, తప్పంతా సమయంలో చేశాను. ఏప్రిల్ మూడో వారంలో నారు నాటించాను. కమిటీ వాళ్ళు ఈ ఎండాకాలంలోనే ఏదో ఒకటి కనిపించాలన్నారు, నాకూ చేసి చూపించాలని తొందరగా ఉంది. లేత వేరు ఇంకా మట్టిని పట్టుకోకముందే 40 డిగ్రీల ఎండ మీద పడింది. మే పది దాటేసరికి టేబుల్ రోజ్ తప్ప దాదాపు అన్నీ పోయాయి. టేబుల్ రోజ్ ఆకూ కాడా నీళ్ళు దాచుకుంటాయి గనుక బతికింది. ఎండ తట్టుకునే మొక్క కూడా ఎండ రాకముందే నేలలో కుదురుకోవాలి. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివిందే, ఇంకొకరికి చెప్పిందే, అయినా ఒత్తిడిలో పక్కన పెట్టాను. ఆ మొక్కల డబ్బు వాళ్ళది, తప్పు నాది.

మల్చింగ్, అంటే తడి ఆరకుండా నేలను ఆకులతో కప్పడం, అది కూడా మొదట చెడింది. రాలిన వేపాకు ఊడ్చి తగలబెడుతుంటే ఆపించి, దాన్ని మూడు అంగుళాల మందాన పాదుల్లో వేయించాను. నెల తిరక్కుండా మందారాల మొదళ్ళకు చెదలు పట్టింది. ఎండుటాకును కాండానికి ఆనించి కుప్పగా పోయడం వల్ల వచ్చిన తిప్పలది. మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదిలి, వేపపిండి కలిపి మళ్ళీ వేస్తే సర్దుకుంది. "పార్కులో చెత్త పరిచారు, పాములొస్తాయి" అని రెండు మూడు ఫిర్యాదులు వచ్చాయి, ఆకు పైన పల్చగా కొబ్బరి పొట్టు చల్లాక ఆ మాట వినపడలేదు.

ఆ ఏడాది పనిచేసింది ఒక్కటే, కాగితం పూలు. వాటికి నీళ్ళు పూర్తిగా ఆపేశాను. ఆవిడ భయపడింది, కమిటీ అంతకన్నా భయపడింది. కాగితం పూల మొక్కకు నీళ్ళూ యూరియా దండిగా దొరికితే ఆకు మీదికే పోతుంది, కాస్త దాహమేస్తే గాని రంగు పట్టదు. లేత చివర్లు తలలు వాల్చినప్పుడు మాత్రం ఒకసారి నిండుగా తడపమన్నాను, నెలనెలా వచ్చే కటింగ్ మిషన్ మనిషిని దాని జోలికి వెళ్ళొద్దన్నాను. మే మూడో వారానికి ప్రహరీ ఒక పక్కంతా రాణీ రంగులో విచ్చుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆ రంగుదంతా రేకు కాదు, ఆకు. మూడేసి రంగు ఆకుల మధ్య సన్నటి గొట్టాల్లా మూడు తెల్లటి బుల్లి పూలు, అసలు పువ్వు అదీ. పిల్లలకు చూపిస్తే ప్రతి గుత్తినీ విప్పి చూడడం మొదలుపెట్టారు. వచ్చే ఏడాది కూడా నన్నే రమ్మన్నారంటే ఈ ఒక్క గోడ వల్లే.

అసలు సంగతి బయటపడిన పొద్దు

జూన్ మొదట్లో, ఇంకా రోహిణి కార్తె నడుస్తుండగా, మందారం కొమ్మలు చూస్తున్నాను. మొక్క ఆరోగ్యంగానే ఉంది, నీళ్ళు సరిపోతున్నాయి, పూలు లేవు. ఒక కొమ్మ చివర వంచి చూస్తే చిన్న పచ్చి కాడ, చివర తడిగా ఉంది. పక్క కొమ్మకూ అంతే, ఆ పక్క దానికీ అంతే. పూలు రాలిపోయుంటే కాడ అలా ఉండదు. అవి ఆ పొద్దున్నే తుంచినవి.

మర్నాడు ఐదుంపావుకు పార్కు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు, చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, ఒకాయన దగ్గర దోటి. నందివర్ధనం, మందారం, నూరువరహాలు, గన్నేరు, ఏదీ వదలడం లేదు, రేపు విచ్చుకునే మొగ్గలతో సహా కోస్తున్నారు. ఆరున్నరకు వాకింగ్ వాళ్ళు వచ్చేసరికి పార్కంతా పచ్చగా, బోసిగా ఉంది. కాలనీలో చాలామంది చూస్తున్నది ఆరున్నర తర్వాతి పార్కునే. నేను రెండు నెలలుగా చూసిందీ అదే, పదింటికి వెళ్ళి ఐదింటికి వచ్చేవాణ్ణి.

ఒక పెద్దావిడను అడిగాను. "దేవుడికే గదా నాయనా, నేను తలలో పెట్టుకుంటానా" అంది. ఆమె తప్పేమీ చేయడం లేదన్నది ఆమె నమ్మకం, ఆ పూలు కాలనీవే, ఆమెదీ ఆ కాలనీయే. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

కమిటీకి చెబితే బోర్డు పెడదామన్నారు. నేనూ సరేనన్నాను. "పూలు కోయరాదు, కోస్తే 500 జరిమానా." ఫలితం రెండు వారాల గొడవ. జరిమానా ఎవరూ కట్టలేదు, కోత నాలుగున్నరకు మారింది, చీకట్లో తెంపుతుంటే కొమ్మలు విరగడం ఎక్కువైంది. ఎప్పటినుంచో ఉన్న అలవాటుకు వేరే దారి చూపకుండా వద్దని రాయడం వల్ల మొక్కలకే నష్టం జరిగింది. ఆ బోర్డును ఆగస్టులో మేమే తీయించాం.

మల్లె గురించి తోట చూసుకునే ఆవిడ చెప్పింది

ఇది ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన భాగం. వానాకాలంలో ఒకరోజు మల్లె పొదల దగ్గర నిలబడి ఎరువు ఎంతెయ్యాలని లెక్కేస్తుంటే ఆవిడ అంది, "ఆకు దూయకుంట మల్లె యాడ పూస్తది సారూ? మా ఊర్ల చలికాలంల నీళ్ళు ఆపి, మొత్తం కోసి, ఆకు దూసిడుస్తరు. ఈడ నెలనెలా మిషన్ పెట్టి కొసలు కొడ్తున్రు. పువ్వు కొసకే గదా వచ్చేది."

ఆమె చెప్పింది అక్షరాలా సరైనది. మల్లె కొత్త చిగురు చివర్లలో పూస్తుంది, చలికాలంలో విశ్రాంతి ఇచ్చి కత్తిరిస్తే ఎండలతో పాటే చిగురూ మొగ్గా వస్తాయి. నెలకోసారి మిషన్‌తో పైన చదును చేస్తే మొగ్గ వేసే చివరే ప్రతిసారీ పోతుంది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నన్నెవరడిగిన్రు?" అంది. మొదటి రోజు కమిటీతో గంటన్నర మాట్లాడాను, మట్టి, నీళ్ళు, లెక్కలు అన్నీ చూశాను, రోజూ ఆ మొక్కల్ని ముట్టుకునే మనిషిని మాత్రం నీళ్ళ టైము తప్ప వేరే ఏదీ అడగలేదు. ఇప్పుడు ఏ తోటకు వెళ్ళినా నేను ముందు మాట్లాడేది తోటమాలితోనే.

రెండో ఏడాది: పనిచేసినవి

ముందు ఆవిడ డ్యూటీ వేళలు మార్చాం. పొద్దున్న 6 నుంచి 10, మళ్ళీ సాయంత్రం 4 నుంచి 7. రెండుసార్లు రావాలంటే ఆమెకు బస్సు ఖర్చు, శ్రమ, కాబట్టి జీతం పెంచమని అడిగాను. కమిటీ కొంత వెనకాడింది. మూడేళ్ళుగా చచ్చిపోయే పెటూనియాల మీద పెట్టిన డబ్బు లెక్క ముందు పెట్టాను, అందులో సగం ఆమె పెంపుకు సరిపోయింది. నీళ్ళ పద్ధతి కూడా మారింది. పొదలకు వెడల్పుగా పాదులు తీసి మూడు రోజులకోసారి నిండుగా, లేత మొక్కలకు మాత్రం రోజూ తెల్లవారే. లాన్ గురించి ఈసారి పెద్దవాళ్ళనే అడిగాం, ఎక్కడ కూర్చుంటారో చూపించమని. వాళ్ళు కూర్చునేది వేపచెట్ల పడమటి వైపు, 250 గజాలు కూడా ఉండదు. అంతవరకే గడ్డి ఉంచి మిగతాది మడులూ ఎర్రమట్టి బాటలూ చేశాం. ఏడాది క్రితం వద్దన్న వాళ్ళే ఈసారి సున్నంతో గీత గీసి ఇచ్చారు.

మల్లెకు డిసెంబర్ మొదటి వారంలో నీళ్ళు ఆపాం. రెండు వారాలాగి మోకాలి ఎత్తుకు కోసి, మిగిలిన ఆకు ఆవిడే దూసింది, గొప్పు తవ్వి పశువుల ఎరువు వేశాం. మోడు పొదలు చూసి వాకింగ్ వాళ్ళు చాలా కోప్పడ్డారు, "బంగారంలాంటి మొక్కల్ని చంపేశారు" అని ఒకాయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. జనవరి చివర నీళ్ళు మొదలుపెట్టాం. ఫిబ్రవరిలో చిగురు, మార్చి రెండో వారంలో తొలి మొగ్గలు.

పసుపెక్కిన నూరువరహాలకు ఎరువు తక్కువై అలా అయ్యాయనుకుని మొదటి ఏడాది వాళ్ళలాగే నేనూ నత్రజని వైపు చూశాను. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పసుపవుతుంది. ఇక్కడ లేతాకు పసుపై ఈనెలు పచ్చగా ఉన్నాయి, అది ఇనుము లోపం. గట్టి నీళ్ళ వల్ల నేలలో ఉన్న ఇనుము కూడా వేరుకు అందదు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం చల్లబడ్డాక పది రోజుల తేడాతో మూడుసార్లు పిచికారీ చేశాం. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. నీళ్ళు అవే కాబట్టి ఇది ఏటా చేయాల్సిందే.

నారు విషయంలో ఈసారి క్యాలెండర్‌ను పండుగలతో కట్టాను, అందరికీ గుర్తుంటుందని. సంక్రాంతికి విత్తనం, శివరాత్రికి నాటు, ఉగాదికి పువ్వు. చలి పోయి ఎండ రావడానికి మధ్య దొరికే ఆ కొద్ది వారాల్లోనే వేరు దిగాలి. జీనియా ఉగాదికి నాలుగు రోజుల ముందు విచ్చింది. లేతగా ఉన్నప్పుడే చివర్లు తుంచడం, వాడిన పువ్వును విత్తనం కట్టకముందే తీసేయడం, ఈ రెండు పనులూ ఆవిడ ఒక్క వారం కూడా తప్పలేదు, జూన్ దాకా పూశాయి. మే నెలలో జీనియా ఆకుల అడుగున రసం పీల్చే సన్నటి నల్లి కనిపించింది. గంధకం మందు ఆ ఎండలో ఆకును కాలుస్తుంది గనుక వద్దనుకుని, పొద్దున్నే ఆకు అడుగు భాగానికి తగిలేలా నీళ్ళు జోరుగా కొట్టించాను. పూర్తిగా పోలేదు, అదుపులో ఉంది.

ఇక పూజ పూలు. కోసేవాళ్ళనే కూర్చోబెట్టి ఏ పూలు కావాలో అడిగాం. నందివర్ధనం, మందారం, గన్నేరు, నూరువరహాలు అన్నారు. జీనియా, కాస్మోస్, గోంఫ్రీనాలతో పనిలేదన్నారు, కాగితం పూలైతే అసలే వద్దు. ఆ మాటతో ప్లాన్ దానంతటదే తయారైంది. గేటు బయటి వైపు ప్రహరీ వెంట పూజ పూల వరస వేశాం, ఏడు గంటలలోపు ఎవరైనా కోసుకోవచ్చు, మొగ్గ ముట్టుకోకూడదు, మనిషికి ఒక దోసెడు. ఈ నియమాలు పెట్టింది ఆ పెద్దావిడా, ఆమె తోటివాళ్ళే. లోపలి మడుల్లో పూజకు పనికిరాని పూలే పెట్టాం. గన్నేరు విషపు మొక్క కాబట్టి ఊయలల దగ్గరున్న వాటిని కావాలనే అక్కడి నుంచి మార్చాను, పచ్చగన్నేరునైతే కాయలకు పిల్లలు చేయి పెడతారన్న భయంతో మొదలంటా తీయించాను. లోపల ఉండిపోయిన మందారాల పూలు ఇప్పటికీ అప్పుడప్పుడు పోతుంటాయి. ఆరింటికల్లా ఆవిడ పైపు పట్టుకుని అక్కడే ఉంటుంది కాబట్టి కొమ్మలు విరగడం మాత్రం ఆగిపోయింది.

ఇంకా కుదరనివి

వేపచెట్ల కింద తూర్పు మడి రెండేళ్ళూ విఫలమైంది. అక్కడ రెండు గంటల ఎండ కూడా పడదు, చెట్ల వేళ్ళు నీళ్ళు లాగేసుకుంటాయి. ఎండ కోరే పూలు అక్కడ పెట్టడం నా మొండితనమే. ఈసారి మే నెలలో వచ్చే ఎర్రటి బంతుల్లాంటి మే పువ్వు దుంపలు కొన్ని వేశాం, నీడను ఓర్చుకుంటుంది, ఒక్క వానజల్లు పడితే నేలలోంచి లేస్తుంది. ఎన్ని వస్తాయో చూడాలి. బోరు మే చివర్లో రోజుకు 3,000 లీటర్లకు పడిపోతోంది. వాన నీటి ఇంకుడు గుంత తవ్వాలన్నది కమిటీ ముందుంది, మొన్నటి మీటింగులో సగం మంది ఒప్పుకున్నారు.

ఏప్రిల్ చివర ఒక సాయంత్రం ఏడింటికి వెళ్ళాను. మల్లెలు అప్పుడే విచ్చుకుంటున్నాయి, దారి మొత్తం ఆ వాసనే. నెల రోజులు నాతో మాట్లాడని ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నారు, మనవరాలి చేతిలో నాలుగు మల్లెలు. "డిసెంబర్‌లో మళ్ళీ ఎప్పుడు కోస్తున్నారు?" అని అడిగారు. మొదటి వారంలో నీళ్ళు ఆపుతామని, తేదీ ఆవిడే చెబుతుందని చెప్పాను.